పాత ఫాంటులో సుమలత మాటలు

కమలాకర్ నోట్లో నాలుక లేని మనిషి. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ల వెనక సందులో పెళ్లి కార్డులూ కరపత్రాలూ టైపు చేసిపెట్టే చిన్న డీటీపీ షాపు అతనిది. కీబోర్డు మీద వేళ్లు పెడితే మాత్రం ఆ మనిషే వేరు. వధూవరుల పేర్లు, తాతముత్తాతల పేర్లు, ముహూర్తం, విందు, అన్నీ తెర వంక చూడకుండా గడగడా కొట్టేసేవాడు. ఇన్‌స్టిట్యూట్ల కరపత్రాల కోసం జావాస్క్రిప్ట్ అనే మాటను లెక్కలేనన్నిసార్లు టైపు చేశాడు. అదేమిటని ఎవర్నీ ఒక్కనాడూ అడగలేదు. ఇంట్లో అడిగే పనీ చెప్పే పనీ భార్యదే కాబట్టి అతనికి ఆ అవసరం రాలేదు.

భార్య పేరు సుమలత. ఇంటి ముందుగదిలో మిషన్ వేసుకుని చుట్టుపక్కల హాస్టళ్ల అమ్మాయిలకు జాకెట్లు కుట్టేది. ఆవిడ కుడుతూ మాట్లాడేదా, మాట్లాడుతూ కుట్టేదా అన్నది ఆ సందులో ఎవరూ తేల్చలేకపోయారు. పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగల ఘనురాలు. పుట్టింది సిరిసిల్లలో. మరమగ్గాల చప్పుడును మించి అరిస్తే తప్ప అక్కడ పక్కవాళ్లకు కూడా మాట వినబడదు. ఆ గొంతు హైదరాబాదు వచ్చాక కూడా తగ్గలేదు. దంపతులకు పిల్లల్లేరు. అయినా ఇల్లు ఎప్పుడూ పదిమంది ఉన్నట్టే ఉండేది.

ఆ గొంతుకే కాన్సర్ వచ్చింది. డాక్టర్లు ప్రాణం దక్కించారు గానీ స్వరపేటిక తీసేయాల్సి వచ్చింది. ఇంక మాట రాదని ముందే చెప్పి మరీ తీశారు. ఇంటికొచ్చిన కొత్తలో రాసి చూపించడానికి పలక కొనిచ్చాడు కమలాకర్. రెండు రోజులు రాసి, మూడోనాడు దాన్ని బియ్యం డబ్బా వెనక పడేసింది. తర్వాత సైగలు కూడా మానేసింది. మిషన్ మీద దుప్పటి కప్పి, మెడ చుట్టూ కొంగు చుట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. జాకెట్ల అమ్మాయిలు తలుపు కొడితే తీసేది కాదు. అన్నం వడ్డించి అవతలికి తిరిగి కూర్చునేది. ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా కమలాకర్‌కు ధైర్యం చాలేది కాదు. మనిషి దక్కింది గానీ సుమలత దక్కలేదని షాపులో కూర్చుని లోలోపల కుమిలిపోయేవాడు.

ఈ సంగతి కనిపెట్టింది నవీన. నవీన కమలాకర్ అక్క కూతురు. పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన బట్టల షోరూము పైన వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీ ఒకటుంది, అందులో ఉద్యోగం. ఒక ఆదివారం అత్తను చూసిపోదామని వచ్చి, చూసి, తిన్నగా షాపుకు నడిచింది.

"మామా, ఫోన్ల ఒక పేజీ చేస్త. అత్త దినాం మాట్లాడే మాటలన్నీ అండ్ల పెడదం. ఏ మాట మీద వేలు పెడితే గా మాట ఫోనే పలుకుతది. కోడ్ నేను రాసుకుంట. మాటలు నువ్వు టైపు చేసియ్యి."

"ఏం మాటలు బిడ్డా?"

"అత్త ఏమంటుండెనో అవ్వే. అవి నీకు కాకుంటే ఎవరికి ఎరుక?"

కమలాకర్ ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. మొదటి వాక్యానికి కాస్త తడుముకున్నాడు. తర్వాత వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. ఇగో, అన్నం సల్లారుతుంది. బనీను తిరగేసి తొడిగినవు, జర సూస్కో. తాళంచెయ్యి జేబుల ఉన్నదా, షాపుల మర్చినవా. గా చెప్పులు గిట్ల అడ్డం ఇడిస్తే ఎవలన్న తట్టుకొని పడరా. పిల్లా, లోపట కుట్టు ఇడిసిన, లావైతే ఇప్పుకో. నీతోని ఏగుడు నాతోని కాదు. పొద్దంతా కొట్టుకోవడానికి పెళ్లి కార్డులుండగా కమలాకర్ వాటిని పక్కన పడేసి ఇదే పని. ఒక్కో వాక్యం కొడుతుంటే ఆ గొంతు చెవిలో వినబడేది. అప్పట్లో విసుక్కున్న మాటలకే ఇప్పుడు కొడుతూ కొడుతూ నవ్వుకునేవాడు.

ఆ ధ్యాసలో ఒక పొరపాటు కూడా చేశాడు. రాజనర్సయ్య అనే పెద్దమనిషి కొడుకు పెళ్లి కార్డు ప్రూఫు చూసుకోవడానికి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివాడు. విందు అన్న చోట ఫంక్షన్ హాలు పేరు, దాని కింద "చెయ్యి కడుక్కొని రా" అని అచ్చయి ఉంది. రాజనర్సయ్య మళ్లీ ఒకసారి చదివాడు.

"మాట మంచిదే కమలాకర్. గని కార్డు మీద ఒద్దు" అన్నాడు.

ఫైలు పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసి నవీనకిచ్చాడు. పేజీ తయారయ్యాక ముందు తామిద్దరూ చూసుకుని, తర్వాత సుమలతకు చూపించి ఉంటే బాగుండేది. కమలాకర్‌కు ఆగే ఓపిక ఏది? అత్త ముందరే తెరువు, మొహం సూడాలె నేను, అని పట్టుబట్టాడు. నవీన కూడా సంబరంలో సరేనంది. సుమలతను పిలిచి మధ్యలో కూర్చోబెట్టారు. ఆవిడ కూర్చుంది కూడా. ఎన్నాళ్లకో ఆ మొహంలో ఏదో చూద్దామన్న ఆశ కనబడింది.

ఫోన్లో పేజీ తెరుచుకుంది. దాన్నిండా ఇంగ్లీషు అక్షరాల ముక్కలు, పర్సెంటు గుర్తులు, ఏ భాషకూ చెందని కొక్కేలు, మధ్య మధ్య నల్లటి డైమండ్ బొమ్మలో ప్రశ్నార్థకాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. నవీన కంగారులో ఒక వరుస మీద వేలు పెట్టింది. ఫోను ఏవో ఇంగ్లీషు పొడి అక్షరాలు పలికి, ఒక గురక లాంటి చప్పుడు చేసి ఆగిపోయింది.

సుమలత దాన్ని కాసేపు చూసింది. కొంగు మెడ చుట్టూ ఇంకా గట్టిగా లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నె చప్పుడు కూడా కాలేదు. కమలాకర్‌కు ప్రాణం చివుక్కుమంది. గొంతు పోయిన మనిషిని పిలిచి కూర్చోబెట్టి వెక్కిరించినట్టయింది కదా అని తనను తాను తిట్టుకున్నాడు.

మర్నాడు ఆఫీసు కాగానే నవీన మెట్రో ఎక్కి షాపుకొచ్చింది. వచ్చీ రాగానే అడిగింది.

"మామా, నువ్వు ఏ ఫాంటుల కొట్టినవు?"

"ఎప్పటి ఫాంటే. పాతికేండ్ల సంది గదే."

"అండ్లనే ఉన్నది తిప్పలు. గది అన్ని ఫోన్లకు తెలిసే యూనికోడ్ తెలుగు కాదు. నీ కంప్యూటర్ లెక్కల నువ్వు కొట్టింది తెలుగే కాదు. ఇంగ్లీషు గుర్తులకు మన అక్షరాల బొమ్మలు తొడిగిన్రు, అంతే. గా ఫాంటు ఉన్న కంప్యూటర్‌ల తెలుగు లెక్క కనవడతది. లేని దగ్గర అసలు రూపం బయటవడతది."

కమలాకర్‌కు రోషం వచ్చింది. "గీ ఫాంటుతోనే ఎన్ని పెండ్లిళ్లు చేసిన. ఒక్కరన్న తెలుగు కాదన్నరా?"

"అవన్నీ కాయితం మీదికి పోయినయి మామా. కాయితం సూపిస్తది, సదవది. ఫోన్ల పేజీ తెరిచే బ్రౌజర్ సదువుతది. ఏ గుర్తుకు ఏ అక్షరమో దానికి చెప్పేటోళ్లు ఉండాలె."

"మరి గా నల్ల గుర్తులు?"

"అవి నా తప్పు. నీ పాత ఫైలును కొత్త పద్ధతిల సదువుమని బ్రౌజర్‌కు చెప్పిన. దానికి అర్థం గాని గుర్తు ఒచ్చినప్పుడల్ల నల్ల బొమ్మ పెట్టింది. పాత పద్ధతిల సదువుమని చెప్తె గా నల్ల గుర్తులు పోతయి. ఫైలుల అత్త మాటలు భద్రంగ ఉన్నయి. ఏం పోలే."

"పోలేదా?"

"పోలే మామా."

"ఒక్కటి సుత?"

నవీన అతని మొహం చూసి, ఒక్కటి కూడా పోలేదని ఇంకోసారి నెమ్మదిగా చెప్పింది.

మళ్లీ ఫోనులోనే నేరుగా కొట్టేస్తే పోతుంది కదా అని కమలాకర్ ప్రయత్నం చేయకపోలేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ బుల్లి కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. అన్నం దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఆవిడ ఏమనేది? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. సుమలత మాటలు అతని బుర్రలో లేవు, పాత కీబోర్డు మీద పరుగెత్తే వేళ్లలో ఉన్నాయి. ఆ వేళ్లు ఒకసారి ఇచ్చాయి, రెండోసారి ఇస్తాయన్న నమ్మకం లేదు. షాపులో ఫైలు చూసి మళ్లీ కొడదామంటే ఆ బుల్లి మీటల మీద ఏ మాట జారిపోతుందోనని భయం. ఉన్న ఫైలునే తెలుగు చేసుకోవాలి.

అలా సాయంత్రాలు మొదలయ్యాయి. నవీన కార్డుల పెట్టెల మధ్య లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. కమలాకర్ ఒక మీట నొక్కి, దానివల్ల పడే బొమ్మ ఏమిటో చెప్పేవాడు. ఆ బొమ్మకు సరైన అక్షరమేదో ఆమె తన కోడ్ భాష జావాస్క్రిప్ట్‌లో రాసుకునేది. విని చూస్తే తేలిక పనే. కానీ ఆ పాత ఫాంటులో అక్షరాలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. తలకట్టు ఒక మీట, ఒళ్లు ఒక మీట, కొమ్ము ఒకటి, ఒత్తు ఇంకొకటి. అచ్చులో అన్నీ అతుక్కుని ముద్దుగా కనబడతాయి. బ్రౌజర్‌కు మాత్రం నోటితో పలికే వరుసలోనే అక్షరాలు అందించాలి. అందించకపోతే ఒక అక్షరం కింద ఉండాల్సిన ఒత్తు పక్క అక్షరం కిందికి పోయి కూర్చుంటుంది.

మొదటిసారి కోడ్ నడిపినప్పుడు తెలుగైతే వచ్చింది, అది ఏ ఊరి తెలుగో ఇద్దరికీ తెలియలేదు. చదవబోయిన కమలాకర్ నాలుక మెలిపడింది. నవీన నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టుకుంది. ఒత్తులు ఒక దారికి తెస్తే దీర్ఘాలు మొరాయించాయి. దీర్ఘాలు సర్దితే రకారం ఎగిరిపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది ఇద్దరికీ. చివరికి ఒక సాయంత్రం లాప్‌టాప్ మీద వరుసగా అన్ని వాక్యాలూ నిఖార్సుగా కనబడ్డాయి. కమలాకర్ మొదటినుంచి చివరిదాకా పెళ్లి కార్డు ప్రూఫు చూసినట్టు చూసి, తప్పుల్లేవని తలూపాడు.

కమలాకర్ వెంట తెచ్చిన సుమలత ఫోన్లో తెరిస్తే మళ్లీ పిచ్చి గీతలే. కమలాకర్ కుర్చీలో కూలబడ్డాడు.

"గిది వేరే రోగం మామా, మందు చిన్నదే" అంది నవీన. "పేజీ ఏ పద్ధతిల ఉన్నదో మొదట్లనే రాసి పెట్టాలె. మొన్నటిది తీసేసి కొత్తది రాసుడు మర్చిన. రాయకుంటే ఒక్కో బ్రౌజర్ దానికి తోచినట్టు అనుకుంటది. నా లాప్‌టాప్ సరిగ్గ అనుకున్నది. గీ ఫోన్ తప్పుగ అనుకున్నది."

పేజీ పైన ఒక్క వరుస చేర్చింది. అక్షరాలు విచ్చుకున్నాయి. ఇక పలకాలి. ఫోనుతో పాటు వచ్చిన బ్రౌజర్‌కు తెలుగు గొంతే లేదు, నోరు మెదపలేదు. ఇంకో బ్రౌజర్ ఎక్కించి అందులో తెరిచి, పై వరుస మీద వేలు పెట్టింది.

"ఇగో, అన్నం సల్లారుతుంది" అంది ఫోను.

అది రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే అమ్మాయి గొంతులా ఉంది. సుమలత గొంతుకూ దానికీ పోలికే లేదు. అయినా కమలాకర్ లేచి షట్టరు సగం దించి, గోడకు తిరిగి ఏడ్చాడు. ఆపరేషన్ నాడు కూడా ఏడవని మనిషి. నవీన చార్జర్ చుట్టుకుని సంచిలో పెట్టుకుంది.

"కింద ఖాళీ డబ్బా పెట్టిన మామా. అత్తకు కొత్తగ ఏమన్న అనాలనిపిస్తే అండ్ల టైపు చేసి పక్కన బాణం గుర్తు ఒత్తాలె. అత్తకు ఇయ్యి. నేను రాను. ఈసారి మీరిద్దరే సూడుండ్రి."

కమలాకర్ ఫోను జేబులో పెట్టుకుని ఇల్లు చేరాడు గానీ బయటికి తీయడానికి చేయి రాలేదు. కాళ్లు కడుక్కున్నాడు. టీ తాగాడు. చీకటి పడింది, సందులో క్లాసులు వదిలినట్టున్నారు, పిల్లల మాటలు కిటికీలోంచి వస్తున్నాయి. సుమలత తన చోట్లో తను కూర్చుని ఉంది. ఈసారీ తప్పిపోతే ఆ మొహం ఇంక తన వైపు తిరగదని అతని భయం. చివరికి పక్కన స్టూలు లాక్కుని, పేజీ తెరిచి, ఫోను ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"నీ మాటలే సుమా. ఒక్కసారి సూడు. నచ్చకుంటే తీసేద్దాం."

సుమలత చూసింది. చదువుతూ చదువుతూ కిందికి జరిపింది. ఒకచోట ఆగి వేలు పెట్టింది.

"నీతోని ఏగుడు నాతోని కాదు" అంది రైల్వే స్టేషన్ అమ్మాయి.

సుమలత భుజాలు కదిలాయి. నవ్వింది. చప్పుడు లేదు గానీ అది నవ్వే. వరుసగా నొక్కుతూ పోయింది. బనీను, తాళంచెయ్యి, చెప్పులు, పిల్లా లోపట కుట్టు ఇడిసిన. ఇంట్లో మళ్లీ తిట్లు మొదలయ్యాయి. కమలాకర్‌కు కడుపు నిండిపోయింది. ఏమీ మర్చిపోలేదు కదా, అన్నీ ఉన్నాయి కదా అని అడిగాడు గర్వంగా.

సుమలత మళ్లీ తెర మీదికి వంగింది. చివరిదాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చి, మళ్లీ కిందికి వెళ్లింది. దేన్నో వెతుకుతోంది. తర్వాత ఖాళీ డబ్బా మీద వేలు పెట్టి, చూపుడు వేలితో ఒక్కో అక్షరం ఏరుకుంటూ కొట్టింది. బాణం నొక్కింది.

"గిండ్ల అన్నీ నీ ముచ్చట్లే. నీ అన్నం, నీ బనీను. నా ముచ్చట ఒక్కటి లేదు."

కమలాకర్ తెల్లబోయాడు. నిజమే. ఇన్నేళ్లూ ఆవిడ అతన్ని, అతని ఇంటిని, అతని జేబులోని తాళాన్ని తలుచుకుంటూ మాట్లాడింది. తన సంగతి ఏనాడైనా చెప్పిందా, చెప్పినా తను విన్నాడా, అతనికి గుర్తు లేదు. స్టూలు ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"అయితే చెప్పు. ఇప్పుడు చెప్పు. ఇంట."

సుమలత మళ్లీ కొట్టసాగింది. ఈసారి తక్కువ అక్షరాలే. కానీ నొక్కబోయి ఆగింది. అతని వంక చూసి, తల వంచుకుని, బాణం నొక్కింది.

"కమలాకర్" అంది ఫోను.

ఎవరో గుమ్మంలోంచి పిలిచారనుకుని అతను వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఎవరూ లేరు. మొగుడి పేరు నోటితో అనకూడదని పుట్టింట్లో నేర్చుకుని వచ్చిన మనిషి సుమలత. పెళ్లైన నాటి నుంచీ ఇగో అనే పిలుపే. రేషన్ ఆఫీసులో భర్త పేరేంటమ్మా అంటే ఆధార్ కార్డు ముందుకు తోసేది. హాస్టల్ పిల్లలు ఆట పట్టించినా, పేరు చెబితేనే డబ్బులిస్తామని బెదిరించినా పళ్ల మధ్య సూదులతో నవ్వేదే గానీ అనలేదు. ఆ పేరు ఆవిడ వైపు నుంచి రావడం అతనికి ఇదే మొదలు.

ఆవిడ ఇంకా కొడుతోంది.

"నోటితోని అనలే. తప్పు లేదు" అంది ఫోను.

"లేదు సుమా. ఏం తప్పు లేదు."

తర్వాతది చాలాసేపు పట్టింది. అక్షరం తప్పు పడితే చెరిపి మళ్లీ కొట్టింది. చెప్పనా అన్నట్టు అతని చేయి మీద చేయి వేసి, రెండో చేత్తో బాణం నొక్కింది. ఆ అమ్మాయి అదే గొంతుతో, బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని చెప్పినంత తాపీగా చెప్పింది.

"ఆపరేషన్ అయినంక తెలివొచ్చింది. మస్తు భయమైంది. నువ్వు తలుపు అవతల ఉన్నవని ఎరుకే. ఇగో అంటే గంత మందిల నీకు తెలుస్తదా అనుకున్న. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచిన. గొంతు లేదు."

కమలాకర్‌కు తలుపు అవతల బెంచీ మీద తను కూర్చున్న ఆ పూట కళ్లముందుకొచ్చింది. ఆవిడ తెలివిలోకి వచ్చేసరికి పక్కన లేడు. ఇంటికొచ్చాక పలక చేతికిచ్చాడు. మూడోనాడు ఆ పలక డబ్బా వెనక ఎందుకు పడిందో, ఆ మొహం అవతలికి ఎందుకు తిరిగిందో అతనికిప్పుడు అర్థమైంది. స్టూలు దిగి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. క్షమించమని అడగడం కూడా చేతకాని మనిషి.

"ఇంకోసారి పిలువు" అన్నాడు.

సుమలత పైకి జరిపి, ముందు కొట్టిన మాట వెతికి పట్టుకుని నొక్కింది.

"కమలాకర్."

"వచ్చిన సుమా" అన్నాడు అతను. "ఇగో, వచ్చిన."